మాస్టారి వెనక వచ్చేవారు

ఆస్ట్రియాలోని ఆర్ల్‌బెర్గ్ కొండల్లో సెయింట్ ఆంటన్ అనే ఊరుంది. సముద్రమట్టానికి 1,300 మీటర్ల ఎత్తు. రైలు ఊళ్లోకే వస్తుంది. స్టేషన్లో దిగి స్కీలు భుజాన వేసుకుని నడిస్తే కాసేపట్లో లిఫ్టుల దగ్గరుంటాం. మంచు మీద జారడం నేర్పించి బతకవచ్చని లోకానికి చూపిన ఊళ్లలో ఇదొకటి. చలికాలం పొద్దున్నే కొండ పాదం దగ్గర నిలబడితే స్కీ స్కూళ్ల జాకెట్లు వేసుకున్న మాస్టర్లు గుంపులు గుంపులుగా కనిపిస్తారు.

సంక్రాంతి వెళ్లిన వారం, సెలవుల రద్దీ తగ్గాక, మ్యూనిక్‌లో ఉద్యోగం చేసే ఒక గుంటూరు అమ్మాయి ఆ ఊరికి వచ్చింది. మంచు మీద ఆమెకిది నాలుగో చలికాలం. మొదటి ఏడు గుంపు క్లాసులో చేరి నేర్చుకుంది. రెండో ఏడు నీలం వాలులు హాయిగా దిగింది. యూరప్‌లో తేలిక వాలులకు నీలం గుర్తు, మధ్యరకానికి ఎరుపు, కష్టమైనవాటికి నలుపు. మూడో ఏడు ఎరుపు దాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది.

ఎరుపు వాలు దిగలేదని కాదు, దిగుతుంది. కానీ మంచు గట్టిపడి మెరిసేచోటికి రాగానే ఒళ్లు వెనక్కి వాలుతుంది. స్కీల వెనక కొనలు వాటంతట అవే విడిపోయి, మొదటి ఏడు నేర్చుకున్న నాగలి భంగిమ తిరిగి వచ్చేస్తుంది. తొడలు మండుతాయి. కిందికి చేరాక పైకి చూసుకుంటే ఎలా దిగిందో తనకే తెలియదు. దిగిందన్న మాట మాత్రం నిజం కాబట్టి, ఏది తప్పో చెప్పమని ఎవరిని అడిగినా "బాగానే చేస్తున్నావుగా" అనేవారు.

"ఇంక గుంపు క్లాసులు నీకు పనికిరావమ్మాయ్," అంది మ్యూనిక్‌లోనే ఉండే వదిన. "ఒక ప్రైవేటు మాస్టార్ని పెట్టుకో."

"రోజుకి కొన్ని వందల యూరోలు వదినా!"

"మూడేళ్లుగా లిఫ్టు టిక్కెట్లకీ హోటళ్లకీ పెట్టింది లెక్కేసి చూడు. ఉన్నచోటే ఉండటానికి అంత పెట్టావు."

ఆ మాట నిజమే అనిపించి అమ్మాయి స్కీ స్కూలు కౌంటరుకి వెళ్లింది. అక్కడ అడిగినవి మూడు: ఎన్ని గంటలు, ఏ భాష, ఏ స్థాయి. "ఇంటర్మీడియట్," అని చెప్పి డబ్బు కట్టి వచ్చింది.

మొదటిరోజు వచ్చిన మాస్టారు ఒకప్పుడు పోటీల్లో పాల్గొన్నవాడు. ఆయన దిగుతుంటే లిఫ్టులో వెళ్లేవాళ్లు తల తిప్పి చూశారు. ఆయన స్కీలు మంచు మీద గీసిన గీతలు సన్నగా, జంటగా, ఎక్కడా చెదరకుండా ఉన్నాయి. "నా వెనకే రా. నేను తిరిగినచోట తిరుగు," అన్నాడు. పాఠం అంతే. గాల్జిగ్ మీదికి తీసుకెళ్లి, ఆమె అంతకుముందెన్నడూ వెళ్లని ఎరుపు వాలులు వరసగా దింపాడు. భయం వేసినా ముందు ఆయన వీపు కనిపిస్తూనే ఉంది. ఆ వీపు మీదే చూపు పెట్టి దిగింది. సాయంత్రం వదినకు ఫోన్ చేసి, "ఈరోజు నేను దిగిన వాలులు చూస్తే నువ్వు నమ్మవు!" అంది.

మర్నాడు పొద్దున ఆ వాలుకే ఒంటరిగా వెళ్లింది. ముందు ఎవరూ లేరు. ఎక్కడ తిరగాలో, ఎంత వేగం ఉంచాలో నిన్న ఆయన నిర్ణయించాడు. ఈరోజు నిర్ణయించుకోవాల్సింది తను. మూడో మలుపుకే ఒళ్లు వెనక్కి వాలింది. స్కీలు విడిపోయాయి. తొడలు మండాయి. పక్కనుంచి పిల్లలు దూసుకుపోతుంటే, వాలు అంచున చాలాసేపు నిలబడిపోయింది.

మధ్యాహ్నానికి ఇంకో మాస్టార్ని అడిగి పెట్టించుకుంది. ఈయన మహా మంచివాడు. ఆమె పడితే చెయ్యి అందించాడు, లేస్తే మెచ్చుకున్నాడు. ప్రతి వంద గజాలకూ ఆపి ఓపికగా విడమర్చాడు: చేతులు ముందుకు పెట్టాలి, మోకాళ్లు వంచాలి, నడుము కిందికి తిరగాలి, కర్ర ఇలా గుచ్చాలి, చూపు రెండు మలుపుల అవతల ఉండాలి. అన్నీ నిజాలే. ఆమె శ్రద్ధగా విన్నది, ఒక్కొక్కటీ గుర్తుపెట్టుకుంది. చేతుల మీద దృష్టి పెడితే మోకాళ్లు మరిచిపోయింది, మోకాళ్లు పట్టించుకుంటే చూపు స్కీల కొనల మీదికి దిగింది. నిలబడి వినీ వినీ కాలివేళ్లు కొయ్యబారాయి. ఆ రాత్రి హోటల్ గదిలో కూర్చుని ఆయన చెప్పినవన్నీ కాగితం మీద రాస్తే పేజీ నిండింది. వాటిలో తన కాళ్లలోకి దిగింది ఏదీ లేదు.

వదినకు ఫోన్ చేసింది. ఈసారి గొంతులో ఉత్సాహం లేదు.

అంతా విని వదిన అడిగింది: "వాళ్లు నిన్నేం అడిగారు?"

"ఏం అడుగుతారు?"

"ఎక్కడ భయమేస్తుంది, ఎక్కడ నొప్పి పుడుతుంది, అసలు నీకేం కావాలి... ఏదీ అడగలేదా?"

"లేదొదినా."

"పోనీ, నువ్వు చెప్పావా?"

అమ్మాయి దగ్గర జవాబు లేదు. కౌంటర్లో చెప్పిన ఆ ఒక్క మాట తప్ప తన గురించి ఎవరికీ ఏమీ చెప్పలేదు.

"రేపు ఎవర్నీ పెట్టుకోకు," అంది వదిన. "ఊరికే తిరుగు. కాస్త చూడు."

మూడోరోజు ఎండ బాగా కాసింది. అమ్మాయి గాంపెన్‌కు వెళ్లే చైర్‌లిఫ్ట్ ఎక్కింది, దిగింది, మళ్లీ ఎక్కింది. లిఫ్టు కుర్చీలో కూర్చుంటే కింద వాలు మొత్తం కనిపిస్తుంది. మొదట్లో ఆమె చూపు మాస్టర్ల మీదే నిలిచింది. అందరూ అందంగానే దిగుతున్నారు. ఒకరికన్నా ఒకరు మెరుగు. అలా చూస్తే ఎవరినీ ఎంచుకోలేం. రెండోసారి పైకి వెళ్లేటప్పుడు చూపు కొంచెం వెనక్కి జరిగింది. వాళ్ల వెనక వచ్చేవాళ్లను చూడటం మొదలుపెట్టింది.

అక్కణ్నించి ఆమెకు ఎన్నో కనిపించాయి. ఒక మాస్టారు ఒక్కసారైనా వెనక్కి తిరగకుండా వెళ్తున్నాడు. ఆయన శిష్యురాలు ఆయాసపడుతూ వెంటపడుతోంది. ఇంకొకాయన వాలు పక్కన నిలబడి కర్రతో గాలిలో బొమ్మలు గీస్తున్నాడు. అమ్మాయి పైకి వెళ్లి, దిగి, తిరిగి పైకి వెళ్లేసరికి కూడా ఆ ఇద్దరూ అక్కడే ఉన్నారు. మరొకచోట తండ్రీ, తల్లీ, ఇద్దరు పిల్లలూ కలిసి ఒక్క మాస్టార్ని పెట్టుకున్నారు. ఆయన చిన్నవాణ్ని లేపడంతోనే సరిపోతోంది, మిగతా ముగ్గురూ చలిలో కాచుక్కూర్చున్నారు.

వీళ్లందరికీ దూరంగా, దాదాపు చదునుగా ఉన్న చోట, యాభై దాటిన ఒక ఆవిడ ఉంది. ఆవిడ దగ్గర నేర్చుకుంటున్నది భారీ మనిషి. చూస్తే కొత్తవాడిలా లేడు, చక్కగా నిలబడుతున్నాడు. అయినా ఆవిడ అతని చేత పక్కవాటుగా జారిస్తోంది: స్కీలు రెండూ వాలుకు అడ్డంగా పెట్టి, అంచులు వదిలి కొంత కిందికి జారడం, అంచులు బిగించి ఆగడం. జారడం, ఆగడం. ఆవిడ ఎప్పుడూ అతనికి కింద, అతని వైపు మొహం పెట్టి ఉంటోంది. ఒక్కోసారి వెనక్కి వెనక్కి జారుతూ కూడా అతని కాళ్ల మీదనుంచి చూపు తిప్పడం లేదు. మాట తక్కువ.

అమ్మాయి ఇంకోసారి పైకి వెళ్లింది. ఇప్పుడతను మలుపులు తిరుగుతున్నాడు. ఇందాక మంచును గీరుతూ పెద్ద చప్పుడు చేసిన స్కీలు కొంచెం సద్దుమణిగాయి. ఆ తర్వాతిసారికి ఇంకొంచెం. గంట తిరక్కుండా ఒక మనిషి మారడం ఆమె కళ్లారా చూసింది. ముందు రెండురోజులూ తనలో జరగనిది అదే.

లిఫ్టు కింద కాచుకుని, ముందు ఆ భారీ మనిషినే పలకరించింది.

"పాఠం ఎలా ఉందండీ?"

"పొద్దుట్నుంచీ ఒక్కటే పని చేయిస్తోంది," అన్నాడతను చెమట తుడుచుకుంటూ. "కానీ ఇప్పుడిప్పుడే నా కాళ్లు నా మాట వింటున్నాయి."

ఆవిడకు ఆరోజూ మర్నాడూ ఖాళీ లేదు. ఆ పై రోజు మధ్యాహ్నం రెండు గంటలు మాత్రం ఉంది. అమ్మాయి ఆ రెండు గంటలకోసం ఇంకోరోజు గది తీసుకుంది.

అనుకున్న వేళకు ఆవిడ వచ్చింది. లిఫ్టు వైపు నడవకుండా బెంచీ మీద కూర్చుని, "చెప్పు. ఈ కొండ మీద నీకు ఎక్కడ బాగుంటుంది?" అంది.

ఆ ప్రశ్న అమ్మాయిని ఎవరూ అడగలేదు. ఆలోచించి చెప్పింది. తర్వాత ఆవిడ ఎక్కడ చెడుతుందో అడిగింది. చెడేముందు ఒంట్లో ఏం జరుగుతుందో అడిగింది. సాయంత్రం ఎక్కడ నొప్పులొస్తాయో అడిగింది. ఎవరితో కలిసి స్కీ చేస్తావు, వాళ్లు నీకన్నా వేగమా అని కూడా అడిగింది. ఆ ఒక్క ప్రశ్నతో అమ్మాయికి తను మూడేళ్లుగా ఆఫీసు స్నేహితుల వేగం అందుకోవడానికే దిగుతోందని తట్టింది.

తర్వాత ఆవిడ వంగి అమ్మాయి బూట్ల బకిల్స్ వదులు చేసింది, మళ్లీ బిగించింది. "మోకాలు ముందుకు నెట్టు. మడమ లేస్తోందా?"

"కొంచెం."

"కొంచెం కాదు. పద."

అద్దె సామాన్ల దుకాణానికి తీసుకెళ్లింది. ఒక సైజు చిన్న బూట్లు తొడిగించి, నిలబెట్టి, పిక్క ముందు ఎముక బూటు ముందుభాగానికి గట్టిగా ఆనేదాకా సరిచేయించింది. అమ్మాయి గోడ గడియారం వైపు చూస్తూనే ఉంది. కొన్న రెండు గంటల్లో అరగంట దుకాణంలో పోయింది. మనసులో చిరాకు, పైకి అనలేని మొహమాటం.

కొండ మీద మొదటి పనిగా ఆవిడ కొంత కిందికి వెళ్లి నిలబడి, "నీకు తోచినట్టు దిగిరా," అంది. అమ్మాయి దిగింది. "ఇంకోసారి." దిగింది. ఆవిడ ఏమీ అనలేదు. చేతులు సరిగా లేవనిగానీ, మోకాళ్లు వంచమనిగానీ అనలేదు. కాసేపయ్యాక ఒక్క మాట చెప్పింది.

"భయం వేస్తే నువ్వు కొండను పట్టుకుంటావు. బరువంతా పైకాలి మీద పడుతుంది. కిందికాలి స్కీ పట్టు లేక జారిపోతుంది, దాన్ని ఆపడానికి నాగలి పెడతావు. మిగతావన్నీ దానివల్ల వచ్చినవే. ఈరోజు ఆ ఒక్కటే చూద్దాం. మలుపులో బయటికాలి మీద నిలబడాలి."

నీలం వాలులో కూడా అతి తేలికైన భాగానికి తీసుకెళ్లింది. వాలుకు అడ్డంగా వెళ్తూ పైకాలి స్కీని మంచు మీదనుంచి కొద్దిగా లేపమంది. అమ్మాయి లేపలేకపోయింది. బరువు ఎటు ఉందో దానితోనే తెలిసింది. ఇక వేరే వివరణ అక్కర్లేకపోయింది. కుడివైపు వెళ్తూ ఒకసారి, ఎడమవైపు వెళ్తూ ఒకసారి. తర్వాత పక్కవాటుగా జారడం. తర్వాత పెద్ద, నిదానమైన మలుపు ఒకటి, ఆగడం. మలుపు చివర లోపలికాలు లేపగలిగితే ఇంకో మలుపు, లేపలేకపోతే అదే మలుపు మళ్లీ. చిన్న పిల్లల క్లాసు పక్కనుంచి వెళ్లింది. మొదట అమ్మాయికి సిగ్గేసింది, కాసేపటికి అది కూడా గుర్తులేదు.

చివరి పావుగంటలో ఎరుపు వాలులో ఒక చిన్న ముక్కకు తీసుకెళ్లింది. ఈసారి కూడా తను కిందనే ఉండి, అమ్మాయిని దిగిరమ్మంది. ఒకచోట స్కీలు విడిపోయాయి. ఆవిడ కేకవేయలేదు. అమ్మాయి ఆగి, కిందికాలి మీద నిలబడి, మళ్లీ బయల్దేరింది.

"రేపు కూడా మీరు రాగలరా?" అని అడిగింది అమ్మాయి.

"రేపు నేను వద్దు. నువ్వు ఒక్కదానివే చెయ్యి. పొద్దున మొదటి రెండుసార్లు తేలిక వాలు మీద కాలు లేపే పని. తర్వాత నీ ఇష్టం. స్నేహితులతో వెళ్తే వాళ్లకన్నా ముందు బయల్దేరు, వెనకపడి పరిగెత్తకు. ఇది ఒంటికి పట్టాక రా, అప్పుడు రెండోది చూద్దాం."

శనివారం వదిన కూడా మ్యూనిక్ నుంచి వచ్చింది. ఎరుపు వాలు కింద నిలబడి, పైనుంచి వచ్చేవాళ్లలో మరదల్ని వెతుక్కుంది. పక్కనుంచి వచ్చి ఆగేదాకా గుర్తుపట్టలేదు. మధ్యలో గట్టి మంచు దగ్గర రెండుసార్లు నాగలి వచ్చిందని అమ్మాయే చెప్పింది. కానీ తొడలు మండలేదు.

"ఇంతకీ ఆవిడ ఏం నేర్పింది?"

"కిందికాలి మీద నిలబడటం."

"అంతేనా?"

"అంతే వదినా."

నీతి

గురువు ఎంత బాగా చేస్తాడో చూసి గురువును ఎంచుకోకూడదు. ఆయన వెనక వచ్చేవాడు పొద్దుటికీ సాయంత్రానికీ ఎంత మారాడో చూసి ఎంచుకోవాలి. కథకు నీతి ఇదే అయినా, స్కీయింగ్‌లో ఇది మధ్యస్థాయివారికే ఎందుకు అంత ముఖ్యమో చెప్పాలి.

కొత్తగా నేర్చుకునేవాడికి ఓపిక ఉన్న మాస్టారు ఎవరైనా సరిపోతాడు. మొదటి మూడురోజుల పాఠం అందరికీ దాదాపు ఒకటే. బాగా ఆరితేరినవాడికి తనకేం కావాలో తెలుసు, అది అడిగి తీసుకుంటాడు. మధ్యలో ఉన్నవాడి కష్టం వేరు. అతని తప్పు పనిచేస్తోంది. వెనక్కి వాలినా, స్కీలు విడిపోయినా, ఎలాగో కిందికి చేరుతున్నాడు. చేర్చే తప్పును ఒళ్లు సులభంగా వదలదు. ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. పైగా ఒకే చోట ఆగిపోయిన పదిమందిని చూస్తే, పదిమందీ పది కారణాలతో ఆగి ఉంటారు. ఒకరికి బూటు వదులు, ఒకరికి వేగమంటే భయం, ఒకరు చూపు కాళ్ల మీదినుంచి తిప్పరు. అందుకే గుంపు పాఠం ఇక్కడ అరుదుగా పనిచేస్తుంది.

గుంపు పాఠాన్ని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. దాన్ని పద్ధతిగా తీర్చినవాడు పనిచేసింది సెయింట్ ఆంటన్‌లోనే. పక్కనున్న స్టూబెన్‌లో పుట్టిన హానెస్ ష్నైడర్ 1907లో, పదిహేడేళ్ల వయసులో, సెయింట్ ఆంటన్‌కు మాస్టారుగా వచ్చాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఆస్ట్రియా పర్వత సైనికులకు స్కీయింగ్ నేర్పాడు. యుద్ధం తర్వాత స్కీ స్కూలు నడుపుతూ, నేర్చుకునేవాళ్లను స్థాయిని బట్టి విడదీసి, నాగలి భంగిమ నుంచి మెట్టు మెట్టుగా పైకి తీసుకెళ్లే పాఠక్రమాన్ని స్థిరపరిచాడు. ఆర్ల్‌బెర్గ్ పద్ధతి అని దానికి పేరు. 1938లో ఆస్ట్రియాను ఆక్రమించిన నాజీలు ఆయన్ని జైల్లో పెట్టారు. 1939లో అమెరికా చేరి, న్యూ హాంప్‌షైర్‌లోని నార్త్ కాన్వేలో మళ్లీ పాఠాలు మొదలుపెట్టాడు. సామాన్యులు వేలమంది ధైర్యంగా కొండ దిగగలిగారంటే ఆయన మెట్లు వేసినందువల్లే. కానీ మెట్టు ఎంత బాగా కట్టినా, ఈ ఒక్క మనిషి కాలు దాని మీదికి ఎందుకు లేవడం లేదో చెప్పడానికి ఎదురుగా నిలబడి చూసేవాడు కావాలి. ప్రైవేటు పాఠానికి పెట్టే డబ్బంతా ఆ చూపు కోసమే. కాబట్టి ముందు వెళ్తూ వీపు చూపించే మాస్టారికి ఆ డబ్బు ఇవ్వడం నాకు నచ్చదు.

తేలిక వాలుకు వెనక్కి తీసుకెళ్తే అవమానంగా అనుకునేవాళ్లు చాలామంది. మన సంగీతంలో గీతాల దాకా వచ్చిన పిల్లకు శ్రుతి నిలవకపోతే గురువు మళ్లీ సరళీస్వరాలు పాడిస్తాడు. ఆ ఇంట్లో ఎవరూ దాన్ని వెనకబాటు అనుకోరు. కొండ మీద కూడా అంతే. భయపడే చోట ఒళ్లు పాత అలవాటునే పట్టుకుంటుంది, కొత్తది నేర్చుకోదు. భయం లేని చోట నేర్చుకున్నదే భయం ఉన్న చోట ఆదుకుంటుంది.

మాస్టర్ల సర్టిఫికెట్ల గురించి అడగాలా? తప్పక అడగాలి, కాకపోతే అవి ఎంతవరకు చెబుతాయో తెలిసి అడగాలి. కెనడాలో స్కీ మాస్టర్ల సంఘం 1938 నుంచి ఉంది, దాని సర్టిఫికెట్లు నాలుగు స్థాయిలు. అమెరికాలో 1961లో వచ్చింది, మూడు స్థాయిలు. మొదటి స్థాయివారు ప్రధానంగా కొత్తవాళ్లకు నేర్పడానికి తయారైనవారు, మధ్యస్థాయివారికి రెండో స్థాయినుంచి అడగడం మంచిది. ఆస్ట్రియాలో శిక్షణలో ఉన్న కుర్రవాడి నుంచి ప్రభుత్వ పరీక్ష నెగ్గిన మాస్టారు దాకా అందరూ దాదాపు ఒకే జాకెట్ వేసుకుని కనిపించవచ్చు. క్రిస్మస్, ఫిబ్రవరి సెలవుల రద్దీలో కొత్తవాళ్లను ఎక్కువగా దించుతారు. జనవరి మధ్యలోనో మార్చిలోనో వెళ్తే అనుభవం ఉన్నవారు దొరికే అవకాశం పెరుగుతుంది. సర్టిఫికెట్ కన్నా ఎక్కువ చెప్పే ప్రశ్న ఇంకొకటుంది: ఈ మాస్టారు ఎక్కువగా ఎవరికి నేర్పుతారు? ఏళ్ల తరబడి పిల్లలకే నేర్పిన మాస్టారు పిల్లలకు దేవుడు కావచ్చు. నలభై ఏళ్ల మనిషి మోకాళ్లలోని భయం ఆయనకు పరిచయం లేకపోవచ్చు.

అమెరికాలో చాలా కొండల మీద ఆ రిసార్టు స్కూలు తప్ప బయటివాళ్లు డబ్బు తీసుకుని నేర్పకూడదు. కాబట్టి అక్కడ స్కూలును ఎంచుకోవడం ఉండదు, మనిషిని ఎంచుకోవడమే. ఆల్ప్స్ ఊళ్లలో ఒకటికి మించి స్కూళ్లు, విడిగా పనిచేసే మాస్టర్లూ ఉంటారు. మనవాళ్లు కశ్మీర్‌లోని గుల్‌మార్గ్‌కు వెళ్తే ఇంకో జాగ్రత్త అవసరం. అక్కడ గొండోలా మొదటి దశ కోంగ్‌డూరి దాకా, రెండో దశ 3,900 మీటర్లు దాటి అఫర్వాట్ మీదికి వెళ్తుంది. పైన చదును చేయని లోతైన మంచు, హిమపాతాల భయం. దారి చూపించడం వేరు, నేర్పించడం వేరు. "పైకి తీసుకెళ్తా" అని ముందే చెప్పేవారికన్నా, కింద ఒకసారి దిగి చూపించమని అడిగేవారిని మధ్యస్థాయి మనిషి నమ్మాలి.

ఎన్ని గంటలన్నదానికి నా అభిప్రాయం స్పష్టం: రోజంతా ఒకేసారి వద్దు. అలసిన కాళ్లు మూడో గంట తర్వాత పెద్దగా ఏమీ నేర్చుకోవు. రెండు మూడు గంటల పాఠం, మర్నాడు ఒంటరి సాధన, ఆ పైరోజు మళ్లీ పాఠం. అదే డబ్బుకు ఇది చాలా ఎక్కువ ఇస్తుంది. ఖర్చు పంచుకోవాలనుకుంటే మీ స్థాయిలోనే, మీ వేగంలోనే ఉన్న ఒక్కరితో పంచుకోండి. ఇంటిల్లిపాదినీ ఒకే మాస్టారికి అప్పజెబితే ఆ గంటలు అందరిలోకీ చిన్నవాడివే అవుతాయి.

సగం పని మనదేనని కూడా ఒప్పుకోవాలి. "ఇంటర్మీడియట్" అన్న మాట మాస్టారికి ఏమీ చెప్పదు. బుక్ చేసేటప్పుడే నాలుగు వాక్యాలు రాయండి: ఏ రంగు వాలులు ఎన్నేళ్లుగా దిగుతున్నారు, ఎక్కడ చెడుతుంది, ఎక్కడ నొప్పి పుడుతుంది, ఈ వారం చివరికి ఏం చేయగలగాలి. పాత మోకాలి దెబ్బ ఉంటే దాచకండి. బూట్లు మీవా, అద్దెవా చెప్పండి. పాఠానికి ముందురోజే దుకాణానికి వెళ్లి మడమ లేవకుండా సరిచేయించుకుంటే మాస్టారి అరగంట మిగులుతుంది. పెద్దవాళ్లకు నేర్పే అలవాటున్నవారు, మీకు బాగా అర్థమయ్యే భాష మాట్లాడేవారు కావాలని విడిగా అడగండి. స్కూలువాళ్లు "ఎవరో ఒకరిని పంపిస్తాం" అంటే, ఒకరోజు ఆగి లిఫ్టులో తిరుగుతూ మీరే చూసుకోండి. నచ్చిన మాస్టారు దొరికితే వెళ్లేలోపు పేరు రాసుకుని, వచ్చే చలికాలం ఏ వారం ఖాళీగా ఉంటారో అప్పుడే అడగండి. మంచివారి రోజులు మంచు పడకముందే నిండిపోతాయి.